వీధివైపు తిరిగిన చెప్పులు

కలిదిండి దగ్గర మా చేపల మేత కంపెనీలో యజమాని గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదు. ఒకప్పుడు మా తాతగారి గుమ్మంలో ఊరంతా చెప్పులు విప్పేది. ఇప్పుడు ఈ గుమ్మంలో నేను విప్పేవాణ్ణి. లెక్కలు చూసే పెదపాడు ఆవిడ మాత్రం తన చెప్పుల్ని వీధివైపు తిప్పి విడిచేది.

“ఎందుకండీ అలాగ?” అన్నానొకసారి.

“పరుగెత్తాల్సొస్తే తిప్పుకునే పనుండదు కదండీ!” అని కిలకిలా నవ్వింది.

కొల్లేటిలో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టించిన ఏడాది, మేత కొనేవాళ్ళు లేక సగంమందిని తీసేశారు. ఆఫీసులో మిగిలిన మా ఇద్దర్నీ పిలిచి యజమాని ఎప్పటిలాగే అరిచాడు. “వాళ్ళ పనీ మీరే చెయ్యాలి. లేదంటే పొండి. బయట మీలాంటోళ్ళు కుక్కల్లా తిరుగుతున్నారు.”

నా వెన్ను నిటారుగానే ఉంది. కాళ్ళే కదల్లేదు. ఆ జీతం తప్ప మా ఇంటికి మరో ఆధారం లేదు.

“అలాగేనండీ, పోతామండీ” అందావిడ, నన్నూ కలిపి.

కాదనబోయి నోరు తెరిచాను. మాటకి బదులు నవ్వొచ్చింది.

ఆవిడ రెండంగల్లో వీధిలో ఉంది. నా చెప్పులు లోపలికే చూస్తున్నాయి. కంగారుగా కాలితో తిప్పుకుంటుంటే, “నెమ్మదండీ, నేనుంటాను” అంది నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుని.

మా వంశంలో ఎవరూ నడివీధిలో అంత పగలబడి నవ్వి ఉండరు. ఏలూరు బస్సెక్కాక చూసుకుంటే, కుడి చెప్పు ఎడమ కాలికుంది.