చిక్కటి నూనె

లడాఖ్‌లో మా పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, అక్టోబరు. చెట్టు లేదు, పిట్ట లేదు. రాళ్ళు, గాలి, ఇసుక బస్తాలు పేర్చిన రెండు బంకర్లు, ఒక జీపు. నేను వైర్‌లెస్ ఆపరేటర్ని. మాది వేటపాలెం, మగ్గాల ఇల్లు. ట్రక్కు దిగి తల పట్టుకుని కూర్చుంటే, జీపు కింద నుంచి ఒక మనిషి తెలుగులో అరిచాడు.

"ఏరా, వచ్చావా? ఊరికే పరిగెత్తమాక. ఇక్కడ గాలి తక్కువ."

జీపు డ్రైవరు. అద్దంకి వాడు. తెలుగువాడు వస్తున్నాడని విని వారంగా ఎదురుచూస్తున్నాడట. పటాలంలో చేరకముందు గుంటూరు నుంచి మద్రాసుకు మిరపకాయల లారీ తోలేవాడు. ఆ జీపు కొత్తది, ఇంజను బలమైనది. ఆ లైను మొత్తం మీద అంత జోరుగా కొండ ఘాటీ ఎక్కే బండి ఇంకోటి లేదు. జబ్బుపడ్డవాళ్ళని కింద ఆసుపత్రి గుడారాలకు దించడానికి మాకు అదొక్కటే దిక్కు. పెళ్ళాన్ని కూడా ఇంత బాగా చూసుకుని ఉండడని వంటవాడు వాణ్ణి ఏడిపించేవాడు.

చలికాలం ఆర్డరు వచ్చింది. ఇంజన్లో నలభై నంబరు నూనె తీసేసి పది నంబరు పోయాలి. నంబరు తగ్గేకొద్దీ నూనె పలచన. డబ్బా కూడా పంపారు. వాడు వేలు ముంచి చూసి మొహం చిట్లించాడు.

"ఇది నూనెంట్రా? కల్తీ సరుకు. మనల్ని వెర్రివాళ్ళనుకున్నారు."

"మా ఇంట్లో పడుగు నూలుకి గంజి పెడతారు," అన్నాను. "ఎండాకాలం ఒక పాకం, వానాకాలం ఒక పాకం. ఇదీ అంతే గదరా."

"నీ గంజి నూలుకిరా. ఇది ఇంజను. మే నెలలో ఒంగోలు రోడ్డు మీద పలచటి నూనె పోసి లారీ తోలి చూడు. బేరింగులు గలగలమంటాయి. చిక్కగా ఉంటేనే ఇంజను బతికేది."

ఒంగోలు ఎండలో వాడి మాట నిజం. మన మాటల్లోనే ఉంది ఆ నమ్మకం. పాలు చిక్కగా ఉంటే మంచివి. పరువు పోయినవాడు నలుగురిలో పలచనైపోతాడు. ఇప్పుడు కూడా చీరాలలో స్పీడు కార్లు కొన్నవాళ్ళు నా మెకానిక్ షెడ్డుకొచ్చి, చిక్కటి నూనె పోయిస్తే మంచిదేగా అంటారు. ఏ కాలంలో, ఎక్కడ తోలతావని అడిగితే విసుక్కుంటారు.

వాడు దారిన పోయే కాన్వాయ్ వాళ్ళకి ఆ పది నంబరు డబ్బా ఇచ్చేసి, బదులు నలభై నంబరు డబ్బా పుచ్చుకున్నాడు. మంచి బేరం చేశానని పొంగిపోయాడు. ఆఫీసరుకి కల్తీకి సాక్ష్యంగా చూపిద్దామని కాస్త పలచటి నూనె మాత్రం మగ్గులో దాచుకున్నాడు.

నవంబరులో మంచు పట్టింది. ఒక పొద్దున జీపు కదల్లేదు. మగ్గులో నూనె వంచి చూశాడు. జారింది. డబ్బా మూతలో చిక్కటి నూనె పోసి కాసేపు బయట పెట్టి, మూత బోర్లించాడు. చుక్క రాలలేదు. మూత అలాగే పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"తప్పయిపోయిందిరా. అడుగు రేడియోలో," అన్నాడు.

హిందీలో అడిగాను. హిందీలోనే జవాబు వచ్చింది.

"పది నంబరు నూనె కావాలి. అర్జెంటు. ఓవర్."

"మీ వాటా ఇచ్చేశాం. ఓవర్."

"మాది అంబులెన్సు బండి. ఒక్క డబ్బా. ఓవర్."

"ఇచ్చేశామని చెప్పాను. ఇక మంచు కరిగాకే. ఔట్."

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఇంజను కింద, నూనె ఉండే తొట్టికి, స్టవ్వు సెగ పెట్టేవాడు. రెండు గంటలు కాస్తే గానీ బండి లేచేది కాదు.

డిసెంబరులో ఒక తెల్లవారుజామున వాడికే ఆయాసం వచ్చింది. నోటి వెంట నురగ. నర్సింగ్ హవల్దారు ఛాతీ మీద చెవి పెట్టి విన్నాడు. "ఊపిరితిత్తుల్లో నీరు. ఇప్పుడే దించాలి," అన్నాడు. తోలడం వాడే నేర్పాడు నాకు. వంటవాడూ నేనూ కలిసి ఇంజను హ్యాండిల్ తిప్పబోయాం. ఇనప గుంజలా బిగుసుకుపోయింది. వెనక స్ట్రెచరు మీద నుంచి వాడి గొంతు.

"స్టార్టరు కొట్టమాకండ్రా. బ్యాటరీ దిగిపోద్ది. స్టవ్వు పెట్టండి."

పెట్టాం. ఇద్దరం స్టవ్వు పక్కనే గాలికి దుప్పటి అడ్డం పట్టుకుని కూర్చున్నాం.

"అందుకుందా?"

"ఇదిగో, అందుకుంటదిరా."

మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత అడగలేదు. పొద్దెక్కి ఎండ కొండ మీంచి మా దాకా దిగేవేళకి ఇంజను అందుకుంది. వంటవాడు ఆనందంతో కేక పెట్టాడు. వెనక నర్సింగ్ హవల్దారు దుప్పటి వాడి మొహం మీదికి లాగుతున్నాడు. ఇంజను ఎంత బాగా నడుస్తోందో! ఆపడానికి నాకు చేతులు రాలేదు.

విచారణలో, సరైన నూనె పోయని డ్రైవరు నిర్లక్ష్యం అని తేల్చి, ఇంటికీ అదే రాశారు. నిర్లక్ష్యం! ఆ బండికి ప్రాణం పెట్టినవాడికి ఆ మాట. కింద వెచ్చటి గదిలో కూర్చుని వాటా ఇచ్చేశామన్న గొంతు గురించి ఒక్క ముక్క లేదు. నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది.

మరుసటి ఏడు అక్కడి డ్యూటీ ముగిసి సెలవు దొరికేసరికి మిరపకాయల కాలం. అద్దంకి వెళ్ళాను. వాడి భార్య ఒక రైతు కల్లంలో తాలుకాయలు ఏరుతోంది. ఘాటుకి ఇద్దరికీ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"నిర్లక్ష్యం వల్లే పోయాడని ఊరంతా అంటున్నారు అన్నయ్యా. తలెత్తుకోలేకపోతున్నా. ఆయన బండికి మంచి నూనె పొయ్యలేదా?"

"పోశాడమ్మా," అన్నాను. "మంచి చిక్కటి నూనె."

ఆమె మొహం తేటపడింది. అవతలి వరసలో ఏరుతున్న ఆడవాళ్ళకి వినపడేలా గట్టిగా అంది. "చూశారా! నేను చెప్పలా? ఆయన పలచటి నూనె పోసే మనిషి కాదు."

నేను తల ఊపాను. ఎదురుగా ఎర్రగా ఆరబోసిన కాయలు. నాకు కనపడింది మాత్రం వాడి చేతిలో బోర్లించిన మూత, రాలని ఆ నూనె.