ముసలయ్య మావ దిక్సూచి

ఉప్పాడలో ముసలయ్య మావ పడవ ముందుంటే, వెనక పదకొండు పడవలు కళ్లు మూసుకుని నడిచేవి. ఒడ్డు కనపడనంత మబ్బు కమ్మినా సరే, ఒళ్లో ఇత్తడి దిక్సూచి పెట్టుకుని వాయవ్యానికి తిప్పి అందర్నీ ఇళ్లకు తెచ్చేవాడు. నలభై ఏళ్లలో దారి తప్పలేదు. ఆ పేరే ఆయన ఆస్తి.

నా సంగతంటారా, డిగ్రీ రెండో ఏడాదిలో నన్ను భరించలేక కాలేజీయే మానేసింది. 2002లో కాకినాడలో ఓ నెట్ సెంటర్లో కూర్చునేవాణ్ణి. పోర్టంతా నా కంప్యూటర్ మీదే నడుస్తోందని ఊళ్లో చెప్పుకునేవాణ్ణి.

ఒకరోజు తెరమీద ఓ బొమ్మ చూశాను. భూమి లోపల కరిగిన ఇనుము సుళ్లు తిరుగుతుందట, దిక్సూచి ముల్లు ఉత్తరం చూపేది దానివల్లేనట. శాస్త్రవేత్తలు ఆ సుళ్లను కంప్యూటర్లో లెక్కకట్టి నడిపించారు. నీలం, పసుపు గీతలు చిక్కుపడ్డ వలలా పెనవేసుకుని, చివరికి ఉత్తరం కాస్తా దక్షిణమైపోయింది. అలా జరగడానికి వేల ఏళ్లు పడుతుందని కింద రాశారు. చదివాను. చదివి కూడా, సాయంత్రం టీకొట్టు దగ్గర ఆ ముక్క మింగేశాను.

“మావా, ఇక నీ ముల్లు పని అయిపోయింది. ఉత్తరం, దక్షిణం తారుమారవుతున్నాయి. కంప్యూటర్లో కళ్లారా చూశాను.”

“ఎప్పుడ్రా?”

“ఈ వానల్లోనే కావచ్చు.”

అందరూ నవ్వారు. మావ నవ్వలేదు. చదువుకున్నవాణ్ణని నన్ను నమ్మిన ఒకే ఒక్క మనిషి ఆయన.

అక్టోబరులో చేపల వేటకెళ్లిన పడవల మీద ముసురు పట్టింది. మావ ముల్లు చూశాడు, ఆగాడు, తిరగబడిందేమోనని పడవను ఎదురుదిక్కుకు తిప్పాడు. ఆ అనుమానం సంగతి తర్వాత నాకొక్కడికే చెప్పాడు. అల్లుడు చినబాబు వెనక పడవలోంచి కేకేసినా వినలేదట. చినబాబు తన దిక్సూచి పట్టుకుని మిగతా పడవల్ని ఒడ్డు చేర్చాడు. మావ రాలేదు.

మర్నాడు ఆయన భార్య లోవలక్ష్మి ఆటో ఎక్కి కాకినాడ వచ్చింది. తడిసిన చీరతోనే నా పక్కన కూర్చుంది.

“భూమి లోపలిదే కనపడుద్దన్నావుగా నాయనా. మీ మావ పైనే కదా ఉంటాడు. కాస్త చూడు.”

మౌస్ అటూ ఇటూ కదిపాను. వెతుకుతున్నాననుకుందామె. గంటసేపు కూర్చుంది.

మూడోరోజు, డీజిల్ అయిపోయి తేలుతున్న ఆయన పడవను వేరే ఊరి బోటు లాక్కొచ్చింది. ఎందుకలా తిప్పావని అందరూ అడిగారు.

“వయసైపోయింది” అన్నాడు, నావైపు చూడకుండా.

అప్పుడు అందరి ముందూ లేచి నిలబడ్డాను. “తప్పు మావది కాదు. నేను కోసిన కోత. ముల్లు తిరగబడాలంటే వేల ఏళ్లు పడుతుంది.”

“లక్షలు చేసెయ్ తమ్ముడూ, నీకేం పోయింది?” అన్నాడు చినబాబు. నవ్వారు. అమ్మ మీద ఒట్టేశాను. ఇంకా నవ్వారు. ముసలాయన్ని వెనకేసుకు రావడానికి బాగానే అల్లావన్నారు.

వారం తర్వాత వాన వెలిసి పడవలు బయల్దేరాయి. ముందు చినబాబు. మావ పడవ పన్నెండోది. ఎండ కాస్తోంది, ఒడ్డు కనపడుతూనే ఉంది. అయినా మావ తన ముందు పడవ మీంచి చూపు తిప్పలేదు.