ఆగయ్య మొహం, నా నల్లగొంగడి

ఆగయ్యగారంటే నాకు కుళ్లు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ సుఖం, వినేవాళ్లకూ సుఖం. ఆయన మా ఇంటి ఓనరు. ఉప్పల్ పాత ఊళ్లో కింద రెండు గదులు వాళ్లవి, పైన రేకుల గది నాది. పెళ్లికాని మగవాడికి ఆ చుట్టుపక్కల ఎవరూ ఇల్లివ్వరు. నలభై దాటిన బ్రహ్మచారంటే మరీ అనుమానం. ఆయన భార్య ఈరమ్మ ఒక్కతే నన్ను ఎగాదిగా చూసి, "తాగుతవా సారూ?" అని అడిగింది. లేదన్నాను. "గట్లయితే సామాను దెచ్చుకో" అంది.

నా సామానెంత! ఒక పరుపు, ఒక స్టవ్వు, ఒక ట్రంకుపెట్టె. పెట్టె నిండా నల్లగొంగడి పుస్తకాలు. కోనసీమ నుంచి నాచారంలో ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీకి గుమస్తాగా వచ్చిన కొత్తలో, బస్సు కోసం నిలబడి నిలబడి విసుగొచ్చి, పక్క బడ్డీలో ఒక బొమ్మల పుస్తకం కొన్నాను. ఇక అంతే, పిచ్చి పట్టుకుంది. నెలనెలా కొత్త సంచిక వచ్చే రోజున లెక్కల్లో తప్పులు చేసేవాణ్ణి.

అందులో హీరోకి పేరు లేదు. నెత్తి మీంచి నల్లటి గొంగడి కప్పుకుని చీకట్లో తిరుగుతాడు కాబట్టి జనం నల్లగొంగడి అంటారు. ముక్కూ గడ్డమూ తప్ప మొహం కనపడదు. వాడు మంచివాడని నేనెప్పుడూ అనను. నూనెలో కల్తీ కలిపే షావుకారు డబ్బాలన్నీ పొడిచి నూనెని మురిక్కాలవ పాలు చేస్తాడు. బాగుంది. కానీ ఆ షావుకారు గుమస్తాని చెట్టుకు కట్టేసి, చలిలో తెల్లారేదాకా వదిలేసి పోతాడు. గుమస్తా ఏం చేశాడు పాపం? నేనూ గుమస్తానే కదా, ఒళ్లు మండిపోయి కొన్నాళ్లు వాడితో మాట్లాడలేదు. అంటే ట్రంకు తెరవలేదు. తర్వాత ఉండలేక నేనే తెరిచాను.

ఇక వడ్డీవ్యాపారి గోదాము సంగతి. జనం అప్పుపత్రాలన్నీ బూడిద చేద్దామని వాడు గోదాముకి నిప్పు పెట్టాడు. లోపల కావలివాడు నిద్రపోతున్నాడని తెలియదు. ఆ మనిషి కాలిపోయాడు. ఆ తర్వాత వచ్చిన సంచికల్లో నల్లగొంగడి కాళ్లకు చెప్పులుండవు. ముళ్లల్లో నడిచినా, మేకులు తొక్కినా వట్టి కాళ్లే. ఎందుకో పుస్తకంలో ఒక్క ముక్క రాయలేదు. మిగతావాళ్లు చూశారో లేదో గానీ నేను చూశాను, చూసి బస్సులోనే కళ్లు తుడుచుకున్నాను. చేసిన పాపానికి సాకు చెప్పుకోని వాడంటే నాకు ప్రాణం. పైగా వాడికి తాడూ లేదు, బొంగరమూ లేదు. రేపు చస్తే ఏడ్చే దిక్కు లేదు. అచ్చం నాలాంటివాడే అనుకునేవాణ్ణి.

ఆ బొమ్మలు గీసే ఫణీంద్రగారు నాచారంలోనే ఉంటారనీ, ఒక బళ్లో డ్రాయింగ్ మాస్టారనీ, అందులోనూ మా వైపు మనిషేననీ తెలిసిన రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఆదివారం పొద్దున్నే పూతరేకుల పొట్లం పట్టుకుని వెళ్లాను. ఆయన నన్ను ఆదరంగా కూర్చోబెట్టారు. నేను చెప్పుల సంగతి ఎత్తాను. "అరే, మీరు పట్టేశారే!" అన్నారు. ఆ మాటకి నా జన్మ ధన్యమైపోయిందనుకున్నాను. సరిగ్గా అప్పుడే గుమ్మంలో మోపెడ్ ఆగింది. పాల క్యాను పట్టుకుని ఎవరో లోపలికొచ్చారు. చూస్తే మా ఆగయ్యగారు!

"ఓ, మా సారు గిక్కడున్నడేంది?" అని నవ్వి, ఆయన గిన్నెలోకి పాలు వంచుతున్నాడు. చలికి నెత్తి మీంచి తువ్వాలు కప్పుకుని ఉన్నాడు. ఫణీంద్రగారు గబగబా పెన్సిలు తీసి, "ఆగయ్యా, జర తల ఎత్తు. అదీ, అట్లా ఉండు" అన్నారు. కాగితం మీద ముక్కు పడింది. గడ్డం పడింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అది నల్లగొంగడి ముక్కు.

"మొదటి సంచిక నుంచీ ఈయన మొహమేనండీ. రోజూ పాలు పోస్తాడుగా, చూసి గీసుకుంటాను" అన్నారు ఫణీంద్రగారు.

"నా మొఖంల ఏముందో ఏమో, సారుకు గమ్మతి" అని ఆగయ్యగారు బీడీ వెలిగించుకుని వెళ్లిపోయాడు.

ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి! ఆయనకి చదువు రాదు. నల్లగొంగడి పుస్తకం ఒక్కటి తెరిచి చూసిన పాపాన పోలేదు. ఒకప్పుడు ఉప్పల్లో జొన్నా కూరగాయలూ పండించిన మనిషే. పొలం ప్లాట్లయి అన్నదమ్ముల మధ్య పంచుకోగా, ఆయన వాటాకి ఈ ఇల్లూ ఐదు బర్రెలూ మిగిలాయి. పొద్దున్నే పాలు పిండడం, నాచారం దాకా పోసి రావడం, మధ్యాహ్నం గొంతు పగిలేలా నవ్వుతూ కల్లు దుకాణం దగ్గర కబుర్లు, సాయంత్రం ఈరమ్మతో తిట్లు. ఇదీ ఆయన జీవితం. అలాంటివాడికి నా దేవుడి మొహం! నేనేమో పుస్తకం వాసన కూడా వదలకుండా పీల్చినవాణ్ణి. ఎవడి అదృష్టం ఎట్లా రాసి పెట్టి ఉంటుందో చూడండి.

ఆ రోజు నుంచీ కళ్లల్లో నిప్పులు పోసుకుని ఆయన్నే చూడటం మొదలుపెట్టాను. బర్రెలకి దాణా పెడుతుంటే నల్లగొంగడే దాణా పెడుతున్నట్టుండేది. ఈరమ్మ, "తవుడు దెమ్మంటె తమ్మునింటికి పోయి కూసున్నవ్, నీ మొఖంల మన్నుబొయ్య!" అని అరిస్తే నాకు చివుక్కుమనేది. ఎవరి మొహంలో మన్ను పోయమంటోందో ఆ తల్లికి తెలుసా? ఆయన మాత్రం తిట్లు తింటూనే అన్నం కలుపుకునేవాడు. ఒకసారి నేను దుప్పటి నెత్తిన కప్పుకుని అద్దంలో చూసుకున్నాను. చింతపిక్కంత ముక్కు. దానికి తోడు కళ్లద్దాలు. మిరపకాయలు ఎండబెట్టడానికి పైకొచ్చిన ఈరమ్మ కిటికీలోంచి చూసి, "సలిజరమా సారూ? కషాయం గాచి ఇయ్యాల్నా?" అంది. సిగ్గుతో చచ్చాను.

రెండువేల ఎనిమిదిలో నల్లగొంగడి ఆపేస్తున్నారని తెలిసింది. పుస్తకాలు కొనేవాళ్లు తగ్గిపోయారట. ఫణీంద్రగారి దగ్గరికి పరుగెత్తాను. "ఆఖరి సంచికలో వాడు పోలీసులకి లొంగిపోతాడు. కావలివాడి చావుకి ఉరిశిక్ష పడుతుంది. గొంగడి తీసేసి, మొదటిసారి మొహం మొత్తం చూపిస్తున్నాను" అన్నారాయన. బాధేసింది గానీ, సరైన ముగింపు అదే అనిపించింది. వాడు చచ్చిపోతే ఏడవడానికి ఈ ప్రపంచంలో నేనొక్కణ్ణే ఉంటాను. ఆగయ్యగారికి మొహం ఉంటే ఉండనీ, ఏడుపు నాది. ఆ తృప్తితోనే ఇంటికొచ్చాను.

పుస్తకం వేసేవాళ్లకి ఊరుకోబుద్ధి కాలేదు. ఉప్పల్ చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. గొంగడి లేని మొహం, చుట్టూ పూలదండ, కింద 'కన్నీటి వీడ్కోలు'. ఆఖరి సంచిక సంగతి ఎక్కడో మూలన చిన్న అక్షరాల్లో ఉంది. అదెవరు చదువుతారు?

ఆగయ్యగారి చెల్లెలు సత్తమ్మ బోడుప్పల్ నుంచి వచ్చి చౌరస్తాలో బస్సు దిగింది. తలెత్తి చూసింది. అక్కణ్ణుంచి మా ఇంటిదాకా గుండెలు బాదుకుంటూనే వచ్చింది. "ఓ అన్నా... నన్నిడిసి పోతివా అన్నా... ఒక్క మాటన్న జెప్పకపోతివి అన్నా..." వాడకట్టంతా పోగైంది. పైనుంచి నేను దిగొచ్చేసరికి ఈరమ్మ చేతిలో చీపురుతో కొయ్యబారి నిలబడి ఉంది. ఇంటి వెనక బర్రెని కడుగుతున్న ఆగయ్యగారు తడిచేతులతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందే సత్తమ్మా? ఎవరు సచ్చిన్రు?"

"నువ్వే సచ్చినవ్ అన్నా!" అని ఇంకోసారి గుండె బాదుకోబోయి, ఆమె ఆగిపోయింది. మరుక్షణం ఆయన వీపు మీద దబదబా నాలుగు బాదింది. "బతికున్నోనికి చౌరస్తల గంత పెద్ద బొమ్మ గట్టి దండెందుకేసిన్రు మరి? నా పానం పోయినంత పనైంది గద!"

అందరూ పడీ పడీ నవ్వారు. ఆగయ్యగారైతే కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, "గంత పెద్దగేసిన్రా? పోయి సూసొస్త ఆగు" అని బయల్దేరబోయాడు. ఈరమ్మ నవ్వలేదు. పుస్తెలు కళ్లకద్దుకుంది. ఆయన్ని చెయ్యి పట్టి ఇంట్లోకి లాక్కుపోయి, ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"సారూ, గా బొమ్మలాయన ఇల్లు నీకెరికే గద. నడువ్. సదువుకున్నోనివి, నువ్వే మంచిగ జెప్పాలె."

సరేనన్నాను. మనసులో మాత్రం వేరే ఉంది. నల్లగొంగడి చావుని ఎవరూ చెడగొట్టకుండా చూసుకోవాలని వెళ్లాను. ఇద్దరం షేర్ ఆటోలో నాచారం చేరాం.

ఫణీంద్రగారు కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు. "మా ఆయన నీకేం జేసిండు సారూ? పాలల్ల నీళ్లు గలిపిండా? బతికున్న మనిషికి దండెందుకేస్తివి?"

"అమ్మా, ఫ్లెక్సీ పెట్టింది నేను కాదు, సాయంత్రానికల్లా తీయించేస్తాను. అయినా అది ఆగయ్య కాదు. కథలో మనిషి. వట్టి బొమ్మ."

"బొమ్మకే గద దండేస్తరు! మనిషి మెడల ఏస్తె పెండ్లి, బొమ్మ మెడల ఏస్తె సావు. నాకు తెల్వదా?"

ఫణీంద్రగారు నా వంక చూశారు. నేను గొంతు సవరించుకున్నాను. "ఈరమ్మగారూ, వాడు చావాలమ్మా. ఒక కావలివాడు వాడి వల్ల కాలిపోయాడు" అని గోదాము కథంతా చెప్పాను. చెబుతుంటే నా కళ్లే చెమర్చాయి. ఆమె శ్రద్ధగా వింది.

"కావలోని పెండ్లామేమైంది?" అని అడిగింది.

నేను ఫణీంద్రగారి మొహం చూశాను. ఆయన నా మొహం చూశారు. "ఆమె... కథలో లేదమ్మా" అన్నారు.

"మొగడు కాలి సస్తె పెండ్లాం యాడికి పోతది సారూ? యాడనో ఉంటది గద. ఈన్ని ఉరిదీస్తె గామెకేమొస్తది? పోయి గామె గడప ముందర నిలవడుమను. కడుపుమంట సల్లారేదాంక తిట్టనియ్యి. గా తిట్లు తినుమను. సచ్చుడు సులువుగనే ఉంటది."

బల్ల మీద ఉరికంబం బొమ్మ ఆరబెట్టి ఉంది. అందులో ఆగయ్యగారి మొహం చూసి ఈరమ్మ కళ్లు మూసుకుంది. నేనింక ఉండబట్టలేక, "అలాగైతే కథ పాడైపోతుందమ్మా! చావకపోతే ఎలా?" అని అరిచేశాను.

ఆమె నా వైపు తిరిగింది. కోపం కూడా లేదు. కూరల బేరం చేసినంత మామూలుగా ఫణీంద్రగారితో అంది:

"గట్ల సచ్చేటోడే కావాల్నంటె, గీ సారు మొఖం పెట్టుకో. ఆయనకెవ్వరు లేరు గద."

ఫణీంద్రగారు నిజంగానే నా మొహం వైపు చూశారు. చూస్తూనే ఉన్నారు. నేను కళ్లద్దాలు తీసేశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, తల కొంచెం ఎత్తాను కూడా. ఇన్నేళ్లుగా నేను కోరుకున్నది అదే కదా! ఆయన మెల్లగా తల అడ్డంగా ఊపి, ఉరికంబం బొమ్మని రెండుగా చింపేశారు.

తిరుగు ప్రయాణంలో ఈరమ్మ తేలికపడింది. "ఏమనుకోకు సారూ, ఏదో నోట్లెకెల్లి వచ్చింది. ఇయ్యాల మా ఇంట్లనే తిను, కోడి కోయిస్త" అంది. తిన్నాను. ఆగయ్యగారు నా విస్తట్లో ముక్కలు వేస్తూ, సత్తమ్మ ఏడుపుని అనుకరించి చూపిస్తూ నవ్వాడు. ఈరమ్మ ఆయన నెత్తి మీద ఒకటి మొట్టింది. మొట్టిన చెయ్యి వెంటనే తియ్యలేదు, అలాగే జుట్టు మీద ఉంచేసింది. నేను సగంలోనే విస్తరి మడిచేశాను.

ఆఖరి సంచిక ఆలస్యంగా వచ్చింది. కొనుక్కుని ఎక్కడా ఆగకుండా గదికొచ్చి తలుపేసుకున్నాను. చివరి పేజీలో ఒక గుడిసె గుమ్మం. చీపురు పట్టుకున్న ఆడమనిషి, మొహం ఎర్రగా, నోరు తెరిచి తిడుతోంది. ఎదురుగా గొంగడి చేత్తో పట్టుకుని, తల వంచుకుని వాడు నిలబడి ఉన్నాడు. కింద ఒకే ముక్క ఉంది: 'మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ.' కింద వాకిట్లో ఈరమ్మ ఆగయ్యగారిని దేనికో కేకలేస్తోంది. నల్లగొంగడిదీ ఆగయ్యగారిదీ ఒకటే మొహం, ఇద్దరికీ తిట్టే మనిషి ఉంది. పుస్తకం ట్రంకులో పడేసి మూత వేశాను. చచ్చిపోయి ఉంటే వాడు నావాడిగానే పోయేవాడు.