ఉగాది కంబళి

పొద్దున పక్కింటి అమ్మాయి ఒక పాత పుస్తకం పట్టుకుని వచ్చింది. నేను హైస్కూల్లో పాఠాలు చెప్పే రోజుల్లో మా బడివాళ్లు అచ్చువేసిన వార్షిక సంచిక అది. అందులో మా నాయన మీద నేను రాసిన పాట ఉంది. రేపు బడి వేడుకలో దాన్ని పాడతానని, రాగం చెప్పమని అడిగింది. మొదటి చరణం చదివేసరికి నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంకెళ్లు తెంచుకుని పులిలా లేచాడట మా నాయన! కంబళిని పరపరా చింపి పినాకినిలో విసిరేశాడట!

మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, ఆ కాలంలో జీతగాడంటే నెల తిరిగేసరికి జీతం తీసుకునేవాడు కాదు. మా తాత చేసిన అప్పు కింద మా నాయన చిన్నతనంలోనే పావగడ తాలూకా వల్లూరు దగ్గర ఒక ఆసామి ఇంట్లో చేరి, నాకు ఊహ తెలిసేనాటికి కూడా ఆ ఇంటి ఎద్దుల కొట్టంలోనే పడుకునేవాడు. ఏటా ఉగాది పొద్దున ఆసామి వాకిట్లో నిలబడితే లోపలినుంచి ఒక కొత్త కంబళి తెచ్చి ఇచ్చేవారు. అది భుజాన పడిందంటే ఇంకో ఏడాదికి మనిషి వాళ్లవాడు. పాత కంబళి మా ఇంటికి వచ్చేది. అది కప్పుకునే నేను పెరిగాను, అందులోని ఎద్దుల వాసనంటే నాకు చచ్చేంత సిగ్గుగా ఉండేది.

తరువాత అప్పు కింద మనుషులను జీతానికి పెట్టుకోకూడదని చట్టం వచ్చింది, ఊళ్లోకి ఒక అధికారి వచ్చాడు. ఎన్నేళ్లు చేశావని ఆయన మా వైపు సర్కారు భాష కన్నడంలో అడిగితే మా నాయన, "నాలుగు జతల ఎద్దులు నా చేతిలోనే ముసిలివైనాయి సామీ" అన్నాడట. ఆయన నవ్వి, అందాజుగా ఏదో అంకె వేసుకుని, వేలిముద్ర తీసుకుని పోయాడు. ఆ విడుదల పత్రాన్ని ఇప్పటికీ దాచుకున్నాను. పేరు, ఊరు, తండ్రి పేరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఎద్దుల మాట మాత్రం ఎక్కడా లేదు.

ఆ మరుసటి ఉగాదికి నేను పావగడ హాస్టల్ నుంచి ఇంటికి వచ్చాను. అమ్మ ఒబ్బట్లు చేసి ఎదురుచూస్తోంది, నాయన ఎంతకీ రాడు. వెతుక్కుంటూ పోతే, తలంటుకుని, తడి ఆరని జుట్టుతో ఆసామి వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు! లోపలినుంచి ఎవరూ బయటికి రాలేదు. కిటికీలోంచి ఆడవాళ్లు చూసి నవ్వుతున్నారు. రెక్క పట్టుకుని లాక్కొచ్చాను, దారి పొడవునా తిట్టాను, నాలుగక్షరాలు వచ్చిన పొగరు కదా. "నాకేం తోచలేదు పాపా, కాళ్లు ఆడికే పోయినాయి. పండగ పూట ఎద్దులకి నీళ్లు పోసినారో లేదో సూద్దామనుకుంటి" అన్నాడు.

ఆ సిగ్గు కడుక్కోవడానికే, ఉద్యోగంలో చేరాక ఆ పాట రాశాను. సంచిక చేతికి వచ్చిన రోజు నాయనకు చదివి వినిపించాను. వేరుసెనగ కాయలు వొలుస్తూ అంతా విన్నాడు. "బాగుండాది పాపా. ఎవరు ఆయప్ప?" అన్నాడు. నువ్వే నాయనా అంటే, "అయితే నా ఎద్దులు యాడ?" అని అడిగాడు. పాటలో ఎద్దులెందుకని విసుక్కున్నాను. ఆ తరువాత ఆయన ఇంకెప్పుడూ నన్ను ఏదీ చదవమనలేదు.

నాయన పోయి చాలాకాలమైంది. ఆసామి పిల్లలు భూములు సోలారుకు గుత్తకిచ్చి బెంగళూరు చేరారు. ఎద్దులు తిరిగిన చేలల్లో ఇప్పుడు కంచె, కంచె లోపల కనుచూపు మేరా నల్లటి పలకలు. ఉగాదికి ఎవరి వాకిట్లోనూ ఎవరూ నిలబడడం లేదు, అందుకు నేను నిజంగా సంతోషిస్తాను. కానీ ఆ నిలబడడమంటే ఏమిటో తెలిసినవాళ్లు మా వీధిలో నేనొక్కదాన్నే మిగిలాను. రోజూ గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను, ఎవరితోనైనా ఆ సంగతి ఎత్తుదామంటే ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియదు.

ఆ పాట వద్దు, సాయంత్రానికి వేరేది రాసిస్తానని పొద్దున ఆ అమ్మాయితో అన్నాను. కంబళి చింపే చోట చప్పట్లు పడతాయని దాని ఆశ, పాపం, ముఖం ముడుచుకుని వెళ్లింది. మధ్యాహ్నమంతా కూర్చుని రాశాను. పులీ లేదు, సంకెళ్లూ లేవు. నాలుగు జతల ఎద్దులను గుర్తున్న మేరకు పేరుపేరునా రాశాను. విడుదలైన మనిషి తలంటుకుని ఆ వాకిటికే పోయి నిలబడడం రాశాను. కూతురు తిట్టిన తిట్లు కూడా వదల్లేదు.

సాయంత్రం అమ్మాయి వచ్చి, నిలబడే చదువుకుని, "విడిచిపెట్టినాక గూడా ఆ తాత ఆడికే ఎందుకు పోయినాడవ్వా?" అని అడిగింది. ఆ రోజు దారిలో తిట్టే బదులు నేను అడగవలసిన మాట అదే.

దానికి తెలిసినంత చెప్పి పంపాను. ఇంకో కాపీ నా ఒళ్లో ఉంది. ఇప్పుడైనా ఇది నువ్వేనా నాయనా అని అడుగుతూ చదివి వినిపించడానికి, ఆ కాయలు వొలిచే మనిషి లేడు.