ఈస్టర్ రాని కంప్యూటర్

"పేజీ తెరుచుకోవడం లేదా? ఓసారి రిఫ్రెష్ కొట్టి చూడండి" అని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ సలహా ఇచ్చేవాళ్ల మీద కోపం. తెరుచుకోని పేజీ మీద కోపం. పేజీ రావలసిన చోట గుండ్రంగా తిరిగే ఆ చక్రం మీద మరీ కోపం. అయితే ఈ కోపాలన్నీ కలిపి కాటాలో వేసినా, కొన్నేళ్ల కిందటి ఒక మహానుభావుడి మీద నాకున్న కోపం ముందు తేలిపోతాయి. ఆయన ఒక శనివారం ఉదయం ఆమదాలవలసలో, సాక్షాత్తూ దేవుని మందిరంలో, సంఘమంతా చూస్తుండగా ఒక లింకు తెరవబోయాడు. ఆ ప్రయత్నంలో సొంత మేనమామ కొడుకుని దొంగను చేశాడు. పాస్టరుగారి నోరు మూయించాడు. చివరికి ఉత్తరాంధ్ర సంఘాలన్నిటి ముందూ తలవంపులు తెచ్చాడు. ఆయన పేరు ప్రభుదాసు. నా పేరు కూడా అదే. మనిషి కూడా ఒకడే, ఏం చేస్తాం!

అప్పట్లో నా భక్తి మామూలు భక్తి కాదు. ప్రార్థనకు నిలబడమంటే అందరికంటే ముందు లేచేవాణ్ణి, కూర్చోమంటే అందరికంటే చివర కూర్చునేవాణ్ణి. సండే స్కూల్లో కంఠస్థ వాక్యాల బహుమతులన్నీ మా ఇంట్లోనే ఉండేవి. అందుకని సంఘానికి ఎవరో దాత ఒక కంప్యూటరు, గోడ మీద బొమ్మ వేసే ప్రొజెక్టరు ఇస్తే, వాటి మీద అధికారం కూడా పైనుంచి నాకే దిగివచ్చిందని అనుకున్నాను.

పాటల చరణాలు గోడ మీద చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. నెల్లాళ్లు ఉచితం, తర్వాత కొనుక్కోవాలి. కమిటీ కొంటామనే అంది. "అవసరం లేదు, నేను చూసుకుంటాను" అన్నాను. చూసుకున్నాను కూడా. నెలలు గడుస్తున్నా పాటలు గోడ మీద వెలుగుతూనే ఉన్నాయి. పాస్టరుగారు ప్రసంగ వేదిక మీదనుంచి, "ఇది దేవుడు ప్రభుదాసుకు ఇచ్చిన తలాంతు, ప్రత్యేకమైన వరం" అని ప్రకటించారు. నేను వినయంగా తల దించుకున్నాను. ఎంత వినయంగా దించుకున్నానో వెనక బెంచీ వాళ్లకు కూడా కనబడాలని కొంచెం సేపు అలాగే ఉంచాను. ఎలా చూసుకున్నానో తర్వాత చెబుతాను. అప్పుడు మీరూ నాలుగు తిట్టవచ్చు.

అంతటితో ఊరుకున్నానా? ఇక పుస్తకాలెందుకని క్వయర్ వాళ్ల పాటల పుస్తకాలన్నీ గోనెసంచిలో కట్టి అటకెక్కించాను. ఆ గాయక బృందాన్ని నడిపేది మా కరుణమ్మ అత్త, మా మేనమామ భార్య. నేను పుట్టకముందు నుంచీ ఆమే నడుపుతోంది.

"ఒరే, కరెంటు పోతే ఏటి సేస్తావురా?" అంది అత్త.

"ఇన్వర్టర్ ఉన్నాది కదత్తా."

"నీ బుర్ర పోతేనో?"

దానికి ఇన్వర్టర్ లేదని అప్పుడు నాకు తట్టలేదు.

ఏటా క్రిస్మస్ ముందు ఉత్తరాంధ్ర సంఘాల క్వయర్ పోటీ విశాఖపట్నంలో జరిగేది. అత్తకు మోకాళ్లు అరిగిపోయాయి. బస్సెక్కలేదు, రైలెక్కలేదు. ఆమె నేర్పిన పాటలు మావాళ్లు వెళ్లి పాడి వచ్చేవారు, ఆమె ఇంట్లో కూర్చుని "ఎలా పాడినారు? ఆ రెండో సరణం దగ్గర సాగదీసినారా?" అని అడుగుతూ ఉండేది. ఆ ఏడు మాత్రం పోటీ ఆన్‌లైన్‌లో పెట్టారు. ఎవరి మందిరంలో వాళ్లు నిలబడి పాడితే చాలు, న్యాయనిర్ణేతలు కంప్యూటర్లో చూసి వింటారు. ఫోన్లో శబ్దం తెగిపోతుంది కాబట్టి కంప్యూటర్ నుంచే రావాలని షరతు. పేరు పిలిచినప్పుడు లేకపోతే అవకాశం పోయినట్టే.

అత్త నన్ను పిలిచి చెయ్యి పట్టుకుంది. "ఒరే ప్రభూ, నా బతుకులో ఇదొక్కపాలే నాను పోటీలో పాడడం. వచ్చే యేడుకి ఈ గొంతు ఉంటాదో నేదో. నువ్వా లింకు తెరిసీ, సాలు. మిగతాది నాను సూసుకుంటాను."

"లింకు తెరవడం కూడా ఒక పనేనా అత్తా!" అన్నాను. ఈ మాట అన్న నోటికి ఆనాడే తాళం వేసి ఉండవలసింది.

శనివారం వచ్చింది. గుమ్మానికి క్రిస్మస్ నక్షత్రం కట్టాం. క్వయర్ ఆడవాళ్లంతా ఒకే రంగు చీరల్లో, మగవాళ్లంతా ఇస్త్రీ చొక్కాల్లో నిలబడ్డారు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో అత్త మహారాణిలా కూర్చుంది. కంప్యూటర్ తెర యావత్తూ ప్రొజెక్టరు ద్వారా ఎదుటి గోడ మీద పడుతోంది. నేను చొక్కా చేతులు మడిచి లింకు నొక్కాను.

చక్రం తిరిగింది. సిగ్నల్ దొరకక ఊరి బయట నిలిచిపోయిన ప్యాసింజరు బండిలో కూర్చున్నట్టు అందరం చూస్తూ ఉండిపోయాం. ఆ తర్వాత గోడంత ఎర్రటి త్రికోణం వచ్చింది. దాని కింద తెలుగులోనే, ఎందుకంటే ఆ బ్రౌజర్‌ను తెలుగులోకి మార్చిన ఘనుణ్ణి కూడా నేనే: "మీ కనెక్షన్ సురక్షితం కాదు. మీ సమాచారాన్ని దొంగిలించడానికి ఎవరో ప్రయత్నిస్తూ ఉండవచ్చు."

"ఓలమ్మా! దొంగలేటి?" అంది ఎస్తేరు పిన్ని. ఆమెది క్వయర్‌లో హెచ్చు గొంతు, బయట ఇంకా హెచ్చు.

రిఫ్రెష్ కొట్టాను. త్రికోణం. మళ్లీ కొట్టాను. త్రికోణం. బ్రౌజర్ మూసి తెరిచాను. ఇంకో బ్రౌజర్‌లో పెట్టాను. లింకు తప్పు పడిందేమోనని పాస్టరుగారు తన ఫోన్లో చూసి ఒక్కో అక్షరం ఆశీర్వాదం పలికినట్టు పలుకుతుంటే టైపు చేశాను. బ్రౌజర్ చరిత్ర మొత్తం తుడిచేశాను. కంప్యూటర్ ఆపి, అది మళ్లీ లేచేలోగా ప్రార్థన చేయించాను. ఆమెన్ అనేసరికి అదీ లేచింది, దానితో పాటు త్రికోణమూ లేచింది.

"దేవుడు ఈ లోకమంతా ఆరు రోజుల్లో సేసీసినాడు," అంది ఎస్తేరు పిన్ని. "నీ పేజీకి ఎన్నాళ్లు పడతాది ప్రభూ?"

"పాస్టరయ్యగారి ఫోన్లో తెరుసుకుంటన్నాదిరా," అంది అత్త. "ఏటి సేస్తన్నావు నువ్వు?"

ఫోన్లో తెరుచుకుంటోంది, కంప్యూటర్లో తెరుచుకోవడం లేదు. బుర్ర ఉన్నవాడు ఇక్కడ ఆగి, కంప్యూటర్లో ఏదో తేడా ఉందని అనుకుంటాడు. నాకు బుర్ర బదులు కోపం ఉంది. ఫోనుకి ఫోను కంపెనీ నెట్టు, కంప్యూటర్‌కేమో మా దయాకర్ బావ ఇచ్చిన వైరు. కాబట్టి దొంగ ఆ వైరులో ఉన్నాడు!

బావ అంటే అత్త కొడుకే. ఊళ్లో కేబుల్ ఇంటర్నెట్ వ్యాపారం. అంతకు ముందు ఏడే మా సంఘం వదిలి ఊరి చివర కొత్తగా పెట్టిన ప్రార్థన కూటంలో చేరాడు. అదొక్కటి చాలదా నాకు? ఫోన్ చేశాను. అందరికీ వినబడేట్టు స్పీకర్ పెట్టాను. ఇంట్లో మాట్లాడే భాష వదిలేసి వేదిక భాష ఎత్తుకున్నాను.

"బావా, పది ఆజ్ఞలలో ఎనిమిదవది నీకు జ్ఞాపకమున్నదా?"

"ఏటిరా పొద్దున్నే? దొంగతనం సెయ్యొద్దనే కదా అది. గేపకం ఉన్నాది. ఏటయ్యింది?"

"మీ కూటం వారి కోసం మా సంఘపు లింకును అపహరించుట నీకు ధర్మమా?"

"ఒరే, నీకు తొమ్మిదోది గేపకం ఉన్నాదా?" అని ఫోన్ పెట్టేశాడు. అబద్ధ సాక్ష్యం చెప్పవద్దనేది తొమ్మిదోది. కంఠస్థ వాక్యాల బహుమతులన్నీ గెలిచినవాడికి ఆ క్షణాన అది గుర్తు రాలేదు.

"నా కొడుకు సంఘం మార్సినాడు గాని బుద్ధి మార్సనేదురా!" అని అత్త కుర్చీలోంచి లేవబోయి, మోకాలు సహకరించక మళ్లీ కూలబడింది. "పది మందిలో వాణ్ణి దొంగంటావేటి?"

"ప్రభుదాసూ, కొంచెం నెమ్మదిగా..." అన్నారు పాస్టరుగారు.

"మీరు ఆగండయ్యగారూ!" అన్నాను. జీవితంలో మొదటిసారి పాస్టరుగారిని ఆగమన్నాను. ఆగి ఊరుకోక మైకు తీసుకున్నాను. బైబిల్లో చెప్పినట్టు ఒక్కడు దొంగసొత్తు తన గుడారంలో దాచుకుంటే సైన్యం దిగిన పాళెమంతా యుద్ధంలో ఓడిపోతుందనీ, అటువంటివాణ్ణి వెతికి బయటికి లాగితే తప్ప విజయం రాదనీ గట్టిగా చెప్పాను. బాగా చెప్పాను కూడా. ఇప్పటికీ ఆ ప్రసంగంలో ఒక్క తప్పు కనబడదు నాకు. అదే నా కడుపుమంట.

బండి ఆగిన చప్పుడైంది. బావ లోపలికి వచ్చాడు. చెప్పులు గుమ్మంలో విడిచాడు, తల్లి వైపు చూశాడు, నా వైపు చూడలేదు. పాస్టరుగారి ఫోన్ అడిగి తీసుకుని తన నెట్టుకే కలిపి లింకు నొక్కాడు. చక్కగా తెరుచుకుంది.

"ఇది నా లైనే. శుబ్బరంగా వస్తంది. దొంగ నా వైరులో ఉన్నాడా, నీ డబ్బాలో ఉన్నాడా?"

బావ కంప్యూటర్ ముందు కూర్చుని, త్రికోణం కింద 'వివరాలు' అనే చిన్న మీట నొక్కాడు. అంతసేపూ అది అక్కడే ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. తీర్పు చెప్పేసినవాడికి వివరాలెందుకు? గోడ మీద ఇంకో వాక్యం వచ్చింది: "ఈ కంప్యూటర్‌లో తేదీ మార్చి నెలగా ఉంది. ఇది సరైనదేనా?"

"మార్చేటి?" అంది అత్త. "గుమ్మానికి స్టారు కట్టీసినాము కదరా!"

చదువరులారా, ఇక చెప్పక తప్పదు. ఆ పాటల సాఫ్ట్‌వేర్ నెల్లాళ్ల ఉచితం అయిపోవచ్చినప్పుడల్లా నేను కంప్యూటర్‌లో తేదీ వెనక్కి తిప్పేసేవాణ్ణి. పాపం అది మళ్లీ మొదటి రోజే అనుకుని పాటలు చూపించేది. అదీ నా తలాంతు. పాటలకు నెట్టుతో పని లేదు కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. నెట్టు వైపు పేజీలేమో తేదీ చూసి గాని లోపలికి రానివ్వవు. డిసెంబరులో ఉన్న పేజీ దగ్గరికి మార్చి నుంచి వచ్చానని చెప్పుకుంటే, ఎవడీ దొంగ అని తలుపు మూసేసింది.

నిజం అక్కడే ఒప్పుకుని ఉంటే ఎంత బాగుండేది! ఒప్పుకోలేదు. "లోపలి బ్యాటరీ అయిపోనాది కాబోలు" అన్నాను, దేవుని మందిరంలో నిలబడి.

బావ నన్నొకసారి చూశాడు. తేదీ దానంతటదే సరిచూసుకునే మీట నొక్కాడు. మార్చి డిసెంబరైంది. లింకు తెరుచుకుంది. గోడ మీద న్యాయనిర్ణేతల ముఖాలు, శ్రీకాకుళం వాళ్లు, శృంగవరపుకోట వాళ్లు, అందరూ ప్రత్యక్షమయ్యారు. "స్తోత్రం!" అని మందిరం దద్దరిల్లింది. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. అందరూ సంతోషిస్తున్నారు. నాకొక్కడికే ముచ్చెమటలు పోస్తున్నాయి. ఎందుకో మీకు తెలుసు. తేదీ సరైపోయింది. పాటలు?

"తర్వాత ఆమదాలవలస సంఘం" అని పిలిచారు.

పాటల సాఫ్ట్‌వేర్ తెరిచాను. చరణానికి బదులు ఇంగ్లీషులో ఒక ప్రకటన వచ్చింది. దాన్ని మూయబోయి ఏదో మీట నొక్కాను. అది నా తెరను పోటీలో ఉన్న అన్ని సంఘాలకూ చూపించే మీట.

న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నారు. "నాయనా, ఆమదాలవలస. మీ తెర అందరికీ కనబడతన్నాది." ఆపైన ఆ ప్రకటనను తెలుగులో, ఆరాధనలో వాక్యభాగం చదివినట్టు నిదానంగా చదివారు: "మీ ఉచిత గడువు ఎప్పుడో ముగిసింది. ఈ కంప్యూటర్‌లో తేదీని పలుమార్లు వెనక్కి తిప్పినట్టు కనబడుతోంది. దయచేసి కొనుక్కోండి." కాస్త ఆగి అడిగారు. "ఇది మీ పాటలో మొదటి సరణమేనా నాయనా?"

అన్ని ఊళ్ల నవ్వులూ ఒకేసారి మా స్పీకర్లోంచి వచ్చాయి. ఎస్తేరు పిన్ని నా వైపు తిరిగి, "తలాంతంటే ఇదేటి ప్రభూ?" అంది. గుడారంలో దొంగసొత్తు దాచినవాడు ఎవడో పాళెమంతటికీ తెలిసిపోయింది. పాస్టరుగారు నా చేతిలోంచి మైకు మెల్లగా తీసుకున్నారు. ఆ మైకు మళ్లీ నా చేతికి రావడానికి చాలాకాలం పట్టింది.

క్వయర్ వాళ్లు బిక్కచచ్చి ఖాళీ గోడ కేసి చూస్తున్నారు. పుస్తకాలు అటక మీద, గోనెసంచిలో.

"గోడకేసి సూస్తారేటి? నా కేసి సూడండి," అంది అత్త. కుర్చీ చేతుల మీద బలంగా ఆని, బావ భుజం పట్టుకుని లేచి నిలబడింది. శ్రుతి అందుకుంది. మొదటి చరణం అందరూ పాడారు. రెండోది సగం మంది పాడారు. మూడోది గోడ చూడకుండా వచ్చినవాళ్లు ఎవరూ లేరు, అత్త తప్ప. ఆమె ఒక్కతే పాడింది. మిగతావాళ్లు పదాలు గుర్తురాక సన్నగా రాగం తీశారు. ఆ గొంతులో ముసలితనం ఉంది, ఉక్రోషం ఉంది, ఇన్నేళ్లు ఇంట్లో కూర్చుని అడిగిన ప్రశ్నలన్నీ ఉన్నాయి. నవ్విన ఊళ్లన్నీ నిశ్శబ్దమైపోయాయి.

"మూడో సరణం ఒక్క గొంతుతో పాడించాలనే ఆలోచన ఎవరిదమ్మా? సాలా బాగున్నాది," అన్నారు పెద్దాయన.

"మా మేనల్లుడిదండి," అంది అత్త, పళ్లు బిగబట్టి.

రెండో బహుమతి వచ్చింది. మొదటిది శృంగవరపుకోట వాళ్లు తన్నుకుపోయారు. దాని మీద కూడా నాకు కోపమే, అది వేరే సంగతి.

మర్నాడు ఆదివారం సంఘం ముందు నిలబడి నా దొంగతనం ఒప్పుకున్నాను. బావ కూడా వచ్చాడు. కూటం వదిలి కాదు, నేను ఒప్పుకుంటుంటే వినడానికి, ముందు బెంచీలో కూర్చుని. క్షమించమన్నాను. "ఎనిమిది, తొమ్మిది అయిపోనాయి. మిగతా ఎనిమిదీ ఎప్పుడు మొదలెడతావురా?" అన్నాడు.

అత్త మాత్రం నవ్వలేదు. బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యేసి నడుస్తూ అడిగింది. "తేదీ ఏ రోజుకి తిప్పీవోడివిరా?"

"శ్రమ దినాలు మొదలైన వారానికి అత్తా. అక్కడినుంచి నెల్లాళ్లు."

అత్త ఆగిపోయింది. ఈస్టర్ ముందు వచ్చే ఆ నలభై ఉపవాస దినాలూ వేళ్ల మీద లెక్క వేసుకుంది. "అంటే ఈస్టర్ రాకముందే ఎనక్కి లాగీసీవోడివన్నమాట. ఒరే భక్తుడా! ఇన్నాళ్లూ ఆ డబ్బాలో ప్రభువుని సమాధిలోంచి నెగనియ్యనేదు కదరా నువ్వు!"

పాస్టరుగారి ప్రసంగాలు ఎన్నో విన్నాను. ఏదీ నన్ను అంత గట్టిగా కొట్టలేదు.

అందుచేత, గుమ్మానికి కట్టిన నక్షత్రం సాక్షిగా, అటక దిగివచ్చిన గోనెసంచి సాక్షిగా, ప్రభుదాసు అనే నేను గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఏ పేజీ తెరుచుకోకపోయినా ముందు నా గడియారం చూసుకుంటాను. ఎవరినైనా దొంగ అనబోయే ముందు 'వివరాలు' మీట నొక్కుతాను. దేవుడిచ్చిన ఏ రోజునూ మళ్లీ వెనక్కి తిప్పను, ముఖ్యంగా ఈస్టర్‌ను. రిఫ్రెష్ కొట్టమని చెప్పేవాళ్లను క్షమిస్తానని మాత్రం ప్రమాణం చేయలేను. దొంగతనం మానేశానే గాని, కోపం ఇంకా మానలేదు.