మాటల్లో పడిన ఫిట్టరు

బెంగాల్లోని సంత్రాగాఛిలో నా పాత జీపు బాగుచేసిన ముసలి మెకానిక్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయిన తెలుగువాడు. నేనూ తెలుగువాణ్ణేనని తెలిశాక తెలుగులోనే మాట్లాడాడు. బండి కింద పడుకుని, వెనక చక్రాలను తిప్పే పొడవాటి షాఫ్టును అరచేత్తో నిమిరి, "షాఫ్టు కీళ్ళకాడ క్రాసులు అరిగిపోనాయండి" అన్నాడు. మా ఊరి వానలూ చేపలూ అడుగుతూనే కొత్త క్రాసులు బిగించాడు.

నడిపి చూస్తే బండి ముందుకన్నా ఎక్కువ వణికింది. ఆయన మొహం పాలిపోయింది. మళ్ళీ కిందికి దూరి చూసొచ్చాడు.

"తప్పు నాదేనండి. షాఫ్టు రెండు ముక్కలూ ముందెలగున్నాయో అలగే కలపాల. ఇప్పేముందు రెండిటిమీదా గీత గీసుకోవాల. మర్సిపోనాను."

అంత పనిమంతుడు ఎలా మరిచాడని అడిగాను.

"ఇంట్లో మనవలందరిదీ బెంగాలీయే. తెలుగు ఇని ఎన్నాళ్ళయిందో! మీ మాటల్లో పడిపోనాను."

ఆయన షాఫ్టు మళ్ళీ విప్పుతుంటే, ఈసారి నేను నోరు మెదపలేదు. చాలాసేపటికి బండి కిందనుంచి తల బయటపెట్టి నవ్వాడు.

"ఏటండీ, అలగూరుకున్నారు? సరిగ్గా కుదిరిపోనాది. ఇంక మాటాడండి."