మాస్టారికి పంపిన రెండు జాడీలు

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దాటితే పట్నం అయిపోయేది. ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సులూ ఆటోలూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి హారన్లు మోగించే చోట అప్పట్లో ద్రాక్షతోటలుండేవి. మా నాన్నగారు గుమాస్తా ఉద్యోగం మీద గుంటూరు నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. మా ప్రహరీగోడకి అవతలి ఇల్లు నా దోస్తుది. స్నేహితుడు అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. వాడికి ఆ మాట అతకదు. వాడు దోస్తే. వాళ్లు ఆ చుట్టుపక్కల పల్లెవాళ్లే. వాళ్ల నాన్నకి ఓ ద్రాక్షతోట, అందులో ఒక మోటబావి ఉండేవి.

నాకు వాడంటే ప్రాణం. వాడంటే కుళ్లు కూడా. వాడు బావిగట్టు మీది నుంచి తలకిందులుగా దూకేవాడు, నేను మెట్ల దగ్గర కూర్చుని కాళ్లు తడుపుకునేవాణ్ని. పైగా వాడికి కాలేజీలో చదివే అన్న ఉన్నాడు. ఆ అన్న ఊరేగింపుల్లో ముందు నడిచేవాడు. నాకు అన్న లేడు, తోట లేదు, ఈ ఊరు నాదని గట్టిగా అనే ధైర్యమూ లేదు. వాడికీ నామీద కుళ్లుండేది. ఎందుకు? నా ఇస్త్రీ చొక్కా, మా నాన్నగారి ఆఫీసు, లెక్కల్లో నాకొచ్చే మార్కులు. ఈ సంగతి మేమిద్దరం ఎప్పుడూ అనుకోలేదు. పిల్లలు అనుకోరు. కానీ చూసే కన్నుకి అది కనిపిస్తుంది. మా ట్యూషను మాస్టారికి కనిపించింది.

అది అరవై తొమ్మిది. తెలంగాణ కోసం ఉద్యమం సాగుతోంది. బడులు మూతపడ్డాయి. రోడ్డు మీద ఒకరోజు ఊరేగింపు, ఒకరోజు పోలీసు వ్యాను. మా ఉద్యోగాలు మాకు కావాలని అడిగినవాళ్ల బాధ నిజమైనదని నేను పెద్దవాణ్నయ్యాక తెలుసుకున్నాను. వాళ్ల మీద నాకు ఏ రోతా లేదు. నాకు రోత మా మాస్టారి మీద. ఇన్నేళ్లయినా అది పోలేదు.

ఆయనది ఏ ఊరో మా వీధిలో ఎవరికీ తెలియదు. మా ఇంటికొస్తే అచ్చం గుంటూరు మాటలు. గోడవతలికి వెళ్తే అచ్చం అక్కడి మాటలు. పొద్దున ఊరేగింపు వీధిలోకి వస్తే గుమ్మంలో నిలబడి అందరికన్నా గట్టిగా జై కొట్టేవాడు. సాయంత్రం మా వరండాలో కాఫీ తాగుతూ, ఈ అల్లరి మూక వల్ల మీలాంటివాళ్లకి ఎంత కష్టమొచ్చిందండీ అని నాన్నగారి ముందు నిట్టూర్చేవాడు. బడులు మూతపడ్డందుకు లోలోపల ఆయనకి పండగే. ఊళ్లో పిల్లలంతా ఆయన ట్యూషనుకే పోవాలి మరి. గొడవల రోజులు, అందర్నీ కలిపి కూర్చోబెట్టడం మంచిది కాదంటూ మమ్మల్ని రెండు ముక్కలు చేశాడు. ఇక్కడి పిల్లలకి పొద్దున, మాకు సాయంత్రం. ఏళ్ల తరబడి ఒకే చాప మీద కూర్చున్న నా దోస్తూ నేనూ విడిపోయాం.

ఇక అక్కడి నుంచి మొదలైంది. నా పలక దిద్దుతూ, చెవి దగ్గరికి వంగి, నీ దోస్తు నిన్ను దాటిపోయాడురా, పొద్దున ఈ లెక్క చిటికెలో చేశాడు అనేవాడు. పొద్దున వాడితో కూడా నా గురించి ఇదే పాట అని తర్వాత తెలిసింది. మొదట్లో అది చదివించడానికి చేసిన ఉపాయమే కావచ్చు. మేం నిజంగానే కసిగా చదివాం. కానీ మా కుళ్లు రుచి మరిగాక ఆయన లెక్కల దగ్గర ఆగలేదు.

వాళ్ల అన్నకి ఒకరోజు లాఠీదెబ్బలు తగిలి కాలు విరిగింది. పెద్ద దవాఖానాలో పడుకోబెట్టారు. ఆ వారంలోనే దీపాలు పెట్టే వేళ మా కిటికీ అద్దం భళ్లున పగిలి, రాయి వచ్చి అమ్మ పూజగూట్లో పడింది. విసిరిందెవరో ఈ రోజుకీ తెలియదు. మర్నాడు సాయంత్రం మాస్టారు నన్ను పక్కకి పిలిచి, చాలా జాలిగా, మీ ఇల్లు చూపించింది ఎవరనుకున్నావు, నీ ప్రాణస్నేహితుడే అన్నాడు. నమ్మాను. అడగలేదు, గోడ మీంచి తొంగి చూడలేదు, ఠక్కున నమ్మేశాను. నాన్నగారు అప్పటికే అటక మీది ట్రంకుపెట్టె దించారు. నన్నూ అమ్మనూ గుంటూరు పంపేసి, తనూ బదిలీ పెట్టుకుంటానన్నారు. వెళ్లిపోతే పీడా పోతుందని నేనూ అనుకున్నాను.

ఆ మరుసటి రోజు గోడ దగ్గర వాడు నా చొక్కా పట్టుకున్నాడు.

"మా అన్న కాలు ఇరిగితే మంచిగైందని నవ్వినవట గదరా! ఒక్క చాప మీద కూసున్నం, గింత కూడ సిగ్గు లేదారా నీకు?"

నేనెప్పుడు నవ్వానురా అని అరుస్తూ వాణ్ని తోశాను. వాడు నన్ను తోశాడు. ఇస్త్రీ చొక్కా చిరిగింది, వాడి పెదవి పగిలింది. అరుపులు విని ఇద్దరమ్మలూ పరుగెత్తుకొచ్చారు. రాయి నువ్వే వేయించావు, మాస్టారే చెప్పారు అని నేను. నువ్వే నవ్వినవు, సారే చెప్పిండు అని వాడు. వాళ్లమ్మని నేను అత్తమ్మ అనేవాణ్ని. కొడుకు దవాఖానాలో ఉన్న మనిషి, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. ఆమె మమ్మల్నిద్దరినీ చెరో రెక్క పట్టుకుని విడదీసింది. తర్వాత మా అమ్మ వైపు తిరిగింది.

"వదినా, ఆయన మా తొక్కు గురించి నీకేమన్న జెప్పిండా?"

అమ్మ తడబడింది. వాళ్ల ఊరగాయ వెల్లుల్లి కంపు, నోట్లో పెట్టలేమమ్మా అన్నాడని చివరికి చెప్పింది. అత్తమ్మ తల ఊపింది. మీ ఆవకాయ ఉత్త ఆవపిండి, నాలుక కాలుతదని తనతో అన్నాడట.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎండాకాలం కొత్త ఊరగాయ పెట్టగానే, ఇంట్లోవాళ్లు తినకముందే చిన్న జాడీ ఒకటి నింపి, గుడ్డతో వాసెన కట్టి, పిల్లల చేత మాస్టారికి పంపడం మా వీధిలో అలవాటు. మా అమ్మ పెట్టేది ఆవపిండి, పచ్చి నువ్వులనూనె వేసిన ఆవకాయ. నాన్నగారికి పడదని అందులో వెల్లుల్లి రెబ్బ కూడా వేసేది కాదు. అత్తమ్మ అల్లం, ఎల్లిగడ్డ, అంటే మా వెల్లుల్లి, నూరి, నూనె కాచి పోసి తొక్కు పెట్టేది. వాసెన విప్పితే చాలు, ఏది ఎవరిదో ముక్కుకే తెలిసిపోతుంది. ఆ ఏడాది జాడీలు ఇంకా పంపలేదు.

"జాడీలు మారుద్దాం," అంది అత్తమ్మ. "మీది నా కొడుకు తీస్కపోతడు. మాది నీ కొడుకు తీస్కపోతడు. ఎవరింట్లదని ఎవ్వరేం జెప్పొద్దు. ఒకడు లోపలికి పోతే ఒకడు కిటికి కింద కూసోని ఇనుండ్రి. ఆయన నాలుక ఎసొంటిదో మీ చెవులతోని మీరే ఇనుండ్రి."

మా ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరు చూడబుద్ధి కాలేదు. అయినా మర్నాడు పొద్దున్నే వాడు మా అమ్మ జాడీ పట్టుకుని లోపలికి వెళ్లాడు. నేను కిటికీ కింద ఇసుకకుప్ప పక్కన నక్కి, ఊచల సందులోంచి చూశాను. మాస్టారు వాసెన విప్పి, వేలు ముంచి, కళ్లు మూసుకుని చప్పరించాడు.

"అబ్బ! గిది రా తొక్కంటే. మన ఎల్లిగడ్డ, మన అల్లం. గోడవతలోళ్లు పెడ్తరు సూడు, ఉత్త ఆవపిండి. థూ!"

థూ అంటూనే గోరు సందున ఇరుక్కున్న ఆవపిండిని నాలుకతో లాక్కుని మింగాడు. వాడు జాడీ మూత వైపు చూస్తూ నిలబడిపోయాడు.

సాయంత్రం నా వంతు. అత్తమ్మ జాడీ విప్పగానే గది నిండా ఎల్లిగడ్డ వాసన. మాస్టారు ముక్క నోట్లో వేసుకుని పటపటా కొరికాడు.

"ఆహా, మన గుంటూరు చేతి మహిమే వేరురా అబ్బాయ్! ఆవపిండి ఘాటు నషాళానికి అంటుతోంది. ఆ పక్కింటివాళ్ల తొక్కు తింటే రెండు రోజులు నోరు కంపు."

ఆయన పళ్ల మధ్య ఎల్లిగడ్డ రెబ్బ తెల్లగా కనిపిస్తోంది.  అంతటితో ఊరుకున్నా బాగుండేది. నూనె వేళ్లు నా భుజం మీద వేసి, గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు.

"పొద్దున నీ దోస్తు నాతో ఏమన్నాడో తెలుసా? మీరెప్పుడు ఇల్లు ఖాళీ చేసి పోతారా అని వాళ్లింట్లో అంతా ఎదురుచూస్తున్నారట. నీ మేలు కోరి చెబుతున్నాను, వాడితో జాగ్రత్త."

పొద్దున వాడు లోపల ఉన్నంతసేపూ నేను కిటికీ కిందే ఉన్నాను. అలాంటి మాట వాడు అననే లేదు. ఇప్పుడు అదే కిటికీ కింద వాడున్నాడు. ఊచలకి అవతల వాడి నెత్తి మీది జుట్టు కదలకుండా కనిపించింది. అంత తేలిగ్గా, కనురెప్ప వాల్చకుండా, ఒక పెద్దమనిషి అబద్ధం చెప్పడం నేను కళ్లారా చూడటం అదే మొదలు. నా భుజం మీద ఆ నూనె మరక చూసి, ఆ చొక్కా ఇంకెప్పుడూ వేసుకోనని అమ్మతో పేచీ పెట్టాను.

బయటికొచ్చాక ఇద్దరం ద్రాక్షతోట బావి దాకా నడిచాం. మాస్టారి గుట్టు బయటపడిందన్న సంబరం ఇద్దరికీ లేదు. వాడు నీళ్లలోకి ఉమ్మి అన్నాడు.

"సారు అబద్ధం జెప్పిండు, సరే. నేనెట్ల నమ్మిన రా?"

 నా జవాబు పైకి చెప్పుకునేది కాదు. ఆయన చెప్పింది నిజమైతే బాగుండునని ఎక్కడో ఓ మూల నాకూ ఉంది. వాడు చెడ్డవాడని తేలితే, వాడి మీది కుళ్లుకి నేను సిగ్గుపడక్కర్లేదు. ఆ కుళ్లు మాస్టారు తెచ్చి మా కడుపుల్లో పెట్టలేదు. ఉన్నదానికి నీళ్లు పోసి పెంచాడు, అంతే. ఆ రోజు నాకు ఆయన మీద ఎంత అసహ్యం వేసిందో, నా మీద నాకూ దాదాపు అంత వేసింది.

ఆ సాయంత్రమే అత్తమ్మ మా ఇంటికొచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, ట్రంకుపెట్టె వైపు చూస్తూ నాన్నగారితో అంది. "ఏడికి పోతరన్నా? రాయి ఎవడేసిండో మాకెరుక లేదు. ఇంకోటి పడకుండ మేము జూస్కుంటం." వాళ్ల నాన్న నులకమంచం తెచ్చి మా గేటు ముందు వేసుకున్నాడు. గొడవలు సద్దుమణిగేదాకా అక్కడే పడుకున్నాడు. దవాఖానాలో కాలు విరిగి ఉన్నది ఆయన సొంత కొడుకని గుర్తొచ్చినప్పుడల్లా నాన్నగారు తలదించుకునేవారు. ట్రంకుపెట్టె మళ్లీ అటకెక్కింది.

మాస్టారికి ఏమీ కాలేదు. సంగతి వీధంతా పాకింది, నాలుగు రోజులు నవ్వుకున్నారు. ఆ తర్వాత, ఏదేమైనా లెక్కలు బాగా చెబుతాడండీ అంటూ పిల్లల్ని పంపుతూనే ఉన్నారు. మా నాన్నగారూ పంపారు. నాకు అన్నిటికన్నా రోత పుట్టించింది అదే. పరీక్షలయ్యేదాకా ఆ నూనె వేళ్ల ముందు పలక పట్టుకు కూర్చున్నాను. నా దోస్తు మాత్రం మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆ ఏడు లెక్కల్లో వాడికి నాకన్నా తక్కువ మార్కులొచ్చాయి. ఆ మార్కులు చూసి నాకు సంతోషం కలగకపోవడం అదే మొదటిసారి.

ఇప్పుడు మేమిద్దరం ముసలివాళ్లం. వాడు మన్సూరాబాద్‌లో ఉంటాడు, నేను ఇక్కడే దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉన్నాను. ఈ మధ్యలో ఉద్యమం మళ్లీ వచ్చింది, రాష్ట్రమూ వచ్చింది. ఇటు మాటలు అటు, అటు మాటలు ఇటు మోసేవాళ్లు మాత్రం అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఎవరైనా నా చెవి దగ్గరికి వంగి, మీ దోస్తు మీ గురించి ఏమన్నాడో తెలుసా అని మొదలుపెడితే, నా భుజం మీద ఆ నూనె వేళ్లు పడ్డట్టే ఉంటుంది. ఒక్క నిమిషం ఆగండి అంటాను. వాడికి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, ఫోన్ వాళ్ల చేతికిస్తాను.

"ఇప్పుడు చెప్పండి. వాడు వింటున్నాడు."